రెండో షిఫ్టు వాళ్ళు

"వాళ్ళ జాతే అంత" అన్నాడు బట్టీ మేస్త్రి, అడుగంతా మాడు పట్టిన ట్రే ఎత్తి చూపిస్తూ.

బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టు అప్పుడే మొదలైంది. పిండి కలిపే మిషను చుట్టూ నేలంతా తెల్లగా ఉంది. కోత కత్తి ఎక్కడుందో తెలియడం లేదు.

"నిన్న మనం అద్దంలా తుడిచి వెళ్ళాం కదూ?" అంది ప్యాకింగు అక్క.

"తుడిచాం" అన్నారంతా. ఎవరు తుడిచారని ఎవరూ అడగలేదు.

వీళ్ళు రెండింటికి గేటు దాటితే రెండో షిఫ్టు వాళ్ళు మూడింటికి వస్తారని లెక్క. ఒకరి మొహం ఒకరు చూసుకునే పని లేదు. అయినా వాళ్ళ గుణగణాలు వీళ్ళకు కంఠతా వచ్చు. బద్ధకస్తులు, తిండిపోతులు, పైగా చేతివాటం.

"మొన్న మంగళవారం శుభ్రంగానే ఉంది కదన్నా" అన్నాడు కొత్తగా చేరిన వ్యాను డ్రైవరు.

"అదే నటన" అన్నాడు మేస్త్రి. "తనిఖీ ఉందని ఎలాగో పసిగట్టారు. 'సిగ్గుందా?' అని బోర్డు మీద రాసిపెట్టి వారమైంది. ఒక్కడు జవాబు రాస్తే ఒట్టు. ఎంత పొగరో చూడు."

"నిరుడు మా చెల్లెలి కూతురికి ఆ షిఫ్టు నుంచే సంబంధం వచ్చింది. పిల్లాడు బుద్ధిమంతుడేనట. ఆ మందలో బుద్ధి ఎన్నాళ్ళుంటుంది? వద్దనిపించాను" అంది అక్క. "ఆ పిల్ల ఇప్పటికీ నాతో మాట్లాడదు."

"మంచి పని చేశావు" అన్నాడు మేస్త్రి.

'వాళ్ళైనా ఉండాలి, మేమైనా ఉండాలి' అని అర్జీ రాశారు. పద్దెనిమిది మందీ సంతకాలు పెట్టి, ఏప్రాన్లు విప్పేసి, మేనేజరు గదికి వెళ్ళారు. బట్టీలో బ్రెడ్డు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

మేనేజరు అర్జీ చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఈ ఫిర్యాదులన్నీ ఎప్పటివి?"

"ఈ నెలవే సార్. తేదీలు కూడా వేశాం."

"వాళ్ళ పనేనని నమ్మకమేనా?"

"మీకు వాళ్ళ సంగతి తెలీదు సార్" అన్నాడు మేస్త్రి జాలిగా.

మేనేజరు కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆ షిఫ్టు ఎత్తేసి ఆరు నెలలైంది."