కళ్లం ఖాళీ లేదు

పొద్దున్నుంచి గాలి విసురుగా ఉంది. ప్రమీలమ్మ కళ్లంలో శెనక్కాయలు ఆరబోస్తోంది. పెనుకొండ నుంచి మందులు తెచ్చే డ్రోన్ ఆ ఊళ్లో దిగేది ఆ కళ్లంలోనే.

చంద్రశేఖర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“చిన్నమ్మా, నా పెండ్లాన్ని పాము కరిచింది. కళ్లం ఖాళీ అని నువ్వు ఫోన్ చేస్తేనే డ్రోన్‌లో మందు పంపుతారంట.”

“శెనక్కాయలు ఎండల్ల కదప్పా. ఆటోలో పిలుచుకొని పో.”

“చుట్టూ తిరిగి పోయేలోపల పానం పోతాది!”

“మీ చిన్నాయనకు పోలేదా?”

నిరుడు పెనుకొండకు పోయే దగ్గరి బండిదారికి అడ్డంగా కంచె వేసింది చంద్రశేఖరే. గుండెనొప్పి వచ్చిన ఆమె భర్త చుట్టుదారిలోనే చనిపోయాడు.

“కాళ్లు పట్టుకుంటా చిన్నమ్మా.”

“నా కాళ్లు పట్టుకుంటే దావ వస్తాదా? పోయి కంచె పీకు.”

అతను ముళ్లతీగ చేతులతోనే లాగేశాడు. అరచేతులు చీరుకుపోయాయి. ప్రమీలమ్మ పక్కనే నిలబడి చూసింది.

“ఆ మూల ఇంకో రాతికూసం ఉండాది సూడు. ఆటో పట్టల్ల కదా.”

ఆ రాతిస్తంభాన్నీ పీకాడు.

ఇంత గాలిలో డ్రోన్ ఎగరదని పెనుకొండ నుంచి ఆమెకు పొద్దున్నే ఫోన్ వచ్చింది. శెనక్కాయలు ఆ తర్వాతే పోసింది. ఆ మాట అతనికి చెప్పలేదు.

భార్యను ఒళ్లో పడుకోబెట్టుకొని చంద్రశేఖర్ పది గంటలకు ఆటోలో బండిదారినే పెనుకొండకు వెళ్లాడు.