అట్టపెట్టె రోబో

కట్టుకున్నవాడే నమ్మించి గొంతు కోశాక ఆవిడ ఇంకెవర్నీ నమ్మడం మానేసింది. ఐదేళ్ల కొడుకు తల్లి దగ్గరే ఉండాలని కోర్టు తేల్చింది. "ఎన్నాళ్లు దాచుకుంటావో చూస్తా. ఏదో ఒకరోజు ఎత్తుకుపోతా" అన్నాడు విడిపోయిన మొగుడు. అన్నంత పనీ చేసే రకం. అందుకే స్కూలు వాచ్‌మన్‌కి అతని ఫోటో చూపించి మరీ చెప్పింది. పిల్లాణ్ని పక్కింటికి ఆడుకోడానికి కూడా పంపేది కాదు. ఎవరేమనుకుంటే ఆవిడకేం?

ఆడపడుచుని మాత్రం గడప తొక్కనిచ్చింది. మరి గొడవల్లో సొంత అన్నని కాదని వదిన పక్షాన మాట్లాడిన పిల్ల. మొగుడి వైపు అంతమందిలో మనిషన్నది ఆ ఒక్కతే.

స్కూల్లో వేషాల పోటీ అనగానే ఆ పిల్లే పరిగెత్తుకొచ్చింది. డబ్బు తగలేసి కొనడం దేనికి, ఇంట్లో చెత్తతోనే రోబోని చేద్దామంది. తన కొడుక్కీ అదే ఈడు, వాడికి ఇలాంటివి చేసి చేసి చెయ్యి తిరిగిందట. టీవీ వచ్చిన అట్టపెట్టె ఒళ్లయింది. వాషింగ్ మెషిన్ పాత పైపు చేతులైంది. మాత్రలు అయిపోయిన రేకులు మీటలయ్యాయి. తలకి ఇంకో పెట్టె, చూడ్డానికి రెండు చిన్న చిల్లులు.

ముఖం దగ్గర కాస్త కోద్దామంది తల్లి. బిడ్డ నవ్వు కనిపించాలని ఆవిడ ఆశ.

"ముఖం కనపడితే రోబో ఏమిటి వదినా? అట్టపెట్టెకి కాళ్లొచ్చాయంటారు."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో. ఎవరు పిలిచినా పలకకూడదనీ, రోబోలు మాట్లాడవనీ మేనత్త పిల్లాడికి నేర్పింది.

పోటీ రోజు స్టేజీ వెనక గది సంతలా ఉంది. పిల్లాడికి వేషం తను వేస్తాననీ, వెళ్లి ముందు వరసలో చోటు పట్టుకోమనీ ఆడపడుచు తొందరపెట్టింది. ఆవిడ వెళ్లింది. కూర్చునే ముందు హాలంతా కళ్లతో గాలించింది. అతను ఎక్కడా లేడు. హమ్మయ్య అనుకుంది.

రోబో వచ్చింది. టకటకా నడిచింది, ఆగింది, సరిగ్గా ఆవిడ వైపు తిరిగి పైపు చెయ్యి ఊపింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు. ఈ లోకంలో నమ్మదగ్గ మనిషి ఒక్కరైనా మిగిలారనిపించింది.

చప్పట్లు ఆగాక రోబో తడబడుతూ మెట్లు దిగి ఎదురుగా నిలబడింది. "ఉక్కపోస్తోందా నాన్నా?" అంటూ తలమీది పెట్టె పైకెత్తిందావిడ.

"బాగా చేశానా అత్తా, వాణ్ని మా అమ్మ ఎప్పుడో మామయ్య కారెక్కించేసిందిగా" అన్నాడు ఆడపడుచు కొడుకు.