తుమ్మ మొద్దు

"ఆ మొద్దు తీసెయ్ జకరయ్యా. శుభమా అని పని మొదలెడుతుంటే కాష్ఠం మీది కట్టెలా అదేంటి ఎదురుగా?"

వెంకటప్పయ్య చేతిలో నాలుగు నిమ్మకాయలున్నాయి. అంగలకుదురు రోడ్డులోని షెడ్డు ముందు ఆయన టిప్పర్, ఇసుక పోసే తొట్టిని ఆకాశానికెత్తి నిలబడి ఉంది. తడి ఇసుక మోసి మోసి తొట్టి అడుగంతా తుప్పు పట్టింది. దాన్ని ఊడదీసి కొత్తది బిగించాలి. రేపల్లె నుంచి పిలిపించిన క్రేను గేటు దగ్గర సిద్ధంగా ఉంది. పదిన్నరకు రాహుకాలం. ఆలోపు పాత తొట్టి నేల మీద ఉండాలని పంతులుగారు చెప్పారట.

షెడ్డు మేస్త్రీ జకరయ్య మొద్దు తీయలేదు. లారీ చట్రం మీద నిలువుగా నిలబెట్టి, ఎత్తిన తొట్టి పడకుండా కింద దన్నుగా పెట్టిన తుమ్మ మొద్దు అది.

"తొట్టిని పట్టుకున్నది ఒక్క జాకీ అండి. జాకీని పట్టుకున్నది పైపులో ఆయిలు. ఆ పైపు ఎంత పాతదో మీకూ తెలుసు. క్రేను గొలుసులు నాలుగు మూలలా బిగిసేదాకా మొద్దు ఉండాలి. కింద మనిషి ఉండకూడదు."

ముప్పై ఏళ్లుగా తొట్లు దించుతున్నవాడికి ఇంకా పిరికితనం పోలేదని వెంకటప్పయ్య నవ్వాడు. డ్రైవరు ఎబినేజర్ కూడా నవ్వాడు. అతని బాధ శకునం గురించి కాదు, విశ్వాసం గురించి.

"బాబాయ్, ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటావు. శుక్రవారం వచ్చేసరికి మొద్దును నమ్ముకుంటావేంటి?"

తొట్టి బరువు ఇన్ని టన్నులని కంపెనీవాళ్లు రాసిపెడతారు. దాని కిందపడినవాడి ఇంటికి మోసుకెళ్లే కబురు బరువు ఎవరూ రాయలేదు. ఈ షెడ్డు నుంచి అలాంటి కబురు ఒక్కటి కూడా వెళ్లకూడదన్నదే జకరయ్య పట్టుదల. చక్రాలకు అడ్డంగా పెట్టిన రాళ్లు మరోసారి చూసుకుని, గొలుసులు ఎక్కడ తగిలించాలో క్రేనతనికి చెప్పడానికి గేటు వైపు నడిచాడు.

తిరిగి చూసేసరికి తొట్టి కింద ఇద్దరున్నారు.

మూడు నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాక, ఇంత బరువూ మోస్తున్నది జాకీ కదా, నాలుగోది దాని మొదట్లో పెట్టకపోతే ఎలా అని వెంకటప్పయ్యకు తోచింది. చట్రం మీదికెక్కాడు. నిమ్మకాయ ఒక్కటే అయితే బాగుండదని ఎబినేజర్‌కు తోచింది. అతను రెండోవైపు నుంచి ఎక్కి, జాకీ మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టాడు.

"బయటికి రండయ్యా, ఇద్దరూ," అన్నాడు జకరయ్య.

"ఒక్క నిమిషం. కర్పూరం వెలిగించలేదు."

ఎబినేజర్ కళ్లు తెరవకుండానే ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు.

చెయ్యి అందక వెంకటప్పయ్య ఆయిల్ పైపు మీద కాలు వేశాడు. పైపు తెగింది. ఆయిలు చిమ్మింది. తొట్టి ఒక్కసారిగా జానెడు దిగి, మొద్దు నెత్తిన కూర్చుని ఆగిపోయింది. వెంకటప్పయ్య బట్టతలకూ తొట్టికీ మధ్య బెత్తెడు జాగా మిగిలింది.

ఇద్దరూ నూనెలో వేయించిన వడియాల్లా బయటికొచ్చారు. ఎబినేజర్ ఆమెన్ బయటికొచ్చాకే చెప్పాడు. జకరయ్య మంచినీళ్లు తాగి క్రేనును లోపలికి పిలిచాడు. గొలుసులు బిగించి, తొట్టిని చట్రానికి పట్టి ఉంచే వెనక పిన్నులు కొట్టి, జాకీని విడదీసి, తొట్టిని నిటారుగా లేపి పక్కన దింపేసరికి పన్నెండయింది. రాహుకాలం మొత్తం పనిలోనే గడిచిపోయింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

గుర్తొచ్చే తీరిక కూడా లేదు. ప్రాణం కాపాడింది ఏదన్న దాని మీద అవతల పెద్ద వాదన నడుస్తోంది. నిమ్మకాయ నలగను కూడా లేదు చూడమని వెంకటప్పయ్య. సరిగ్గా 'కాపాడు తండ్రీ' అన్న మాట దగ్గరున్నప్పుడే తొట్టి ఆగిందని ఎబినేజర్. చివరికి ఎవరి మొక్కు వారు తీర్చుకోవాలని ఒప్పందమైంది. ఓనరు గారికి పొంగలి, డ్రైవరుకు కృతజ్ఞత కూడికా కోడికూరా. రెండు పొయ్యిలు పెట్టారు. గిన్నెలొచ్చాయి, బియ్యం వచ్చాయి. కట్టెలు చాల్లేదు. ఇద్దరూ షెడ్డంతా వెతుకుతున్నారు.

ఈలోగా వెంకటప్పయ్య రెండో టిప్పర్ గేటులోంచి లోపలికొచ్చి తొట్టి పైకెత్తింది. దాని పైపు మొదటిదానికంటే పాతది. జకరయ్య మొద్దు కోసం వెళ్లాడు. నెత్తిన సొట్ట పడిందే తప్ప అది చెక్కుచెదరలేదు. భుజానికెత్తుకోబోతుంటే వెంకటప్పయ్య ఎదురొచ్చాడు. వెనకే ఎబినేజర్.

"నువ్వు చెప్పు జకరయ్యా. కళ్లారా చూసినవాడివి. మమ్మల్ని కాపాడింది ఏంటి?"

జకరయ్య మొద్దు వైపు చెయ్యి చూపించాడు.

ఇద్దరూ అటు చూశారు. చూసి, మొద్దు చుట్టూ ఒకసారి తిరిగారు. ఎబినేజర్ గోటితో గీరి చూశాడు. పొద్దున్నుంచీ తెగని వాదన అక్కడ తెగింది. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే వెలుగు.

"అవును సుమా," అన్నాడు వెంకటప్పయ్య. "ఇంత ఎండు తుమ్మ ఎదురుగా పెట్టుకుని కట్టెల కోసం ఊరంతా వెతుకుతున్నాం. ఎబినేజర్, గొడ్డలి తేవయ్యా."