రాని బంతులు

"మ్యాచంతా కలిపి నువ్వందుకున్న సర్వీసులు మూడా? ఆడ్డానికొచ్చావా, చూడ్డానికొచ్చావా? వాలీబాల్లో వెనకుండి బంతులందుకునే లిబెరోకి మార్కులు వేసేదే వాటికి కదమ్మా!" సెలెక్టరు మార్కుల కాగితం మడిచాడు.

"నా వైపు రాకపోతే నేనేం చెయ్యను సార్? వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుంది." అందరూ పొట్టి అని పిలిచే ఆ పిల్ల, ఆయన కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ.

నీళ్లసీసాతో వెళుతున్న అవతలి జట్టు కెప్టెన్ ఆగింది.

"ఈ పొట్టిదాని వైపు సర్వీసు కొట్టినవాళ్లని ఆట నుంచి తీసి బెంచీ మీద కూర్చోబెడతానని మా కోచ్ బెదిరించాడు సార్. మహాతల్లి ఒక్కటీ కింద పడనివ్వదట!"

ఇంతసేపూ తననెవరూ లెక్కచెయ్యలేదనుకున్న పొట్టి నోరెళ్లబెట్టింది.

సెలెక్టరు కాగితం విప్పాడు. పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాడు.

"రాని బంతులకి మార్కులు వెయ్యడానికి ఇందులో గడి లేదమ్మా," అన్నాడు మెల్లగా.