శంకరప్ప మతిమరుపు

“కుండ తర్వాత ఏం బొమ్మ వచ్చింది నాయనా?” పవిత్ర సెల్‌ఫోన్ పట్టుకుని అడిగింది.

శంకరప్ప తల గోక్కున్నాడు. “గొడుగా?”

“చిలకయ్యా, చిలక! ఇప్పుడే గదా చూసింది! యాడుండాది నీ మనసు?” భార్య హనుమంతమ్మ సెల్ లాక్కుని నొక్కింది.

సెల్ కీచుమంది. అదీ తప్పే.

“ఈ సెల్‌కే మతి లేదు!” అందామె.

మతిని పరీక్షించి, పదును పెట్టే ఆటను అనంతపురంలో కంప్యూటర్ చదువుతున్న కూతురే తయారుచేసి ఇంట్లోని సెల్‌లోకి ఎక్కించింది. బొమ్మలు వచ్చి పోతాయి. వరస గుర్తుంచుకుని మీటలు నొక్కాలి.

ఇదంతా ఒక పట్టుచీర వల్ల వచ్చింది. ధర్మవరంలో వాళ్లది ఒంటి మగ్గం. హనుమంతమ్మ రంగురంగుల పట్టుదారాన్ని కండెలకు చుట్టి అందిస్తుంది, శంకరప్ప నేస్తాడు. మొన్న మబ్బు పట్టి కరెంటు పోయిన పూట ఆకుపచ్చ అంచు కాస్తా నడిమధ్యలో నీలమైంది. “మర్చిపోయినా సామీ, తప్పు నాదే,” అని శంకరప్ప ఒప్పుకున్నాడు. ఇంకో చీర చెడితే పట్టు ఇవ్వనని షావుకారు తెగేసి చెప్పాడు.

మగ్గం ఆగితే ఈ మనిషి బతకడని హనుమంతమ్మకు ఒకటే దిగులు.

“నేను అనంతపురం పోతాండా. నాయనతో నువ్వే దగ్గరుండి ఆడించమ్మా. ఆయన్ను నొక్కనీయొద్దు, నువ్వే నొక్కు,” అంది పవిత్ర.

హనుమంతమ్మ కొంగు బిగించింది. పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక ఆట, మగ్గం దిగాక ఒక ఆట. శంకరప్ప ఎప్పుడూ తప్పే చెప్పేవాడు. ఆయనకు నేర్పాలంటే ముందు తనకు రావాలిగదా అని ఆమె పట్టుబట్టి గుర్తుపెట్టుకుంది. మొదట్లో చిలకా గొడుగూ కలగాపులగమైనా, పోనుపోనూ సెల్ కీచుమనడం తగ్గింది. కండెలను కూడా రెండుసార్లు వెలుతురులో చూసుకుని మరీ అందిస్తోంది. తర్వాతి చీర అద్దంలా వచ్చింది. షావుకారు మళ్లీ పట్టు ఇచ్చాడు.

పవిత్ర సెలవులకు వచ్చి సెల్ తెరిచి ఆటలో వచ్చిన మార్కులు చూసింది. ముఖం విప్పారింది.

“చూసినావా, మీ నాయనకు మతి తిరిగొచ్చేదాకా నేను వదల్లేదు!” అంటూ హనుమంతమ్మ సంబరంగా టీ పెట్టడానికి లోపలికి పోయింది.

గ్లాసులతో వస్తుంటే గడప దగ్గరే మొగుడి గుసగుస వినబడింది.

“ఏం పాపా, మీయమ్మ మతి ఎట్లుండాది?”

“శానా నయం నాయనా. నువ్వు మాత్రం ఇంకొన్ని దినాలు ఇట్లే మర్చిపోతా ఉండు.”