తెలీదు నాయనా

"ఆయనకు షుగరుందా?"

"తెలీదు నాయనా."

"బీపీ?"

"తెలీదు."

"గుండెకు మాత్రలేమన్నా మింగుతాండాడా?"

"నాకు తెలీదు నాయనా" అంది ఈశ్వరమ్మ, ఒళ్లో ఉన్న తలను కదలనీయకుండా కొంగుతో విసురుతూ.

ప్రవీణ్‌కు ఒళ్లు మండింది. ఆ చిన్న విమానాశ్రయంలో వైద్య గదికి, మందుల పెట్టెకు, ఆక్సిజన్ సిలిండరుకు అన్నింటికీ దిక్కు అతనొక్కడే. నర్సుగా చేరి ఏడాదైంది. ఇన్నాళ్లూ కళ్లు తిరిగినవాళ్లకు ఓఆర్ఎస్ కలిపివ్వడం, వాంతులకు మాత్రలివ్వడం తప్ప పెద్ద కేసు తగల్లేదు. ఇవాళ హైదరాబాదు విమానం ఎక్కబోతూ ఈ పెద్దాయన ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ప్రవీణ్ పెట్టె తీసుకుని పరుగెత్తుకొచ్చేసరికే ఈమె ఆయన తలను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది.

"పేరన్నా చెప్పు పెద్దమ్మా."

ఆమె తల అడ్డంగా ఊపింది. ప్రవీణ్ రెట్టించలేదు. జమ్మలమడుగులో వాళ్లమ్మ కూడా అంతే. మొగుడి పేరు నోటితో చెప్పదు, ఎవరన్నా అడిగితే పక్కింటామె వైపు చూస్తుంది. పెద్దాయన జేబులోని బోర్డింగ్ పాస్ తీసి తనే చదువుకున్నాడు. శేషయ్య.

"యా ఊరు?"

"తొండూరు నాయనా."

"యా డాక్టరు కాడికి పోతారు?"

"ఏమొచ్చినా పులివెందులకే. కమాల్ బాషా డాక్టరు."

అవతల ఫోన్లో పెద్దాసుపత్రి డాక్టరు తొందరపెడుతున్నాడు. గుండెపోటే. ఒక మాత్ర నమిలిస్తే అంబులెన్స్ వచ్చేదాకా ప్రాణం నిలవొచ్చు. కానీ కడుపులో పుండు ఉన్నా, రక్తం పల్చబడే మందు వాడుతున్నా అదే మాత్ర ప్రాణం తీస్తుంది. ముందు కనుక్కో అంటాడు. ఎవరినని కనుక్కోవడం?

విమాన కంపెనీ అమ్మాయి పూజ పులివెందులకు ఫోన్ చేసింది. నాలుగు నిమిషాలు పోయాక వచ్చి చెప్పింది.

"తొండూరు శేషయ్య అని ఎవరూ రాలేదంటన్నా. చీటీలన్నీ ఎతికినారంట."

"టికెట్‌లో నంబరుంటాది గదా, దానికి చెయ్."

చేసింది. ఫోన్ శేషయ్య జేబులోనే మోగింది. తీసి చూస్తే తాళం పడి ఉంది.

"ఇది తెరిచేదెట్ల పెద్దమ్మా?"

"ఆ ఫోన్ల సంగతి నాకేం తెలుసు నాయనా."

"హైదరాబాదులో ఎవరన్నా ఉండారా?"

"కొడుకొస్తాడు. వాని నంబరు చీటీ సంచిలో పెట్టినా. ఆ సంచి ఇందాకనే లోపలికి పంపిస్తిరి."

ప్రవీణ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్లు కలిసి బతికి, మనిషి ఏ మాత్ర మింగుతాడో కూడా చూడలేదా ఈమె? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాడు. మన మగాళ్లు ఇంట్లో చెబితే కదా ఆడవాళ్లకు తెలిసేది అని సర్దుకున్నాడు. వాళ్ల నాయన మాత్రం ఏం చెప్పాడు కనుక.

శేషయ్య కళ్లు సగం తెరిచాడు. ఈశ్వరమ్మ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"పోగాకు" అన్నాడు.

"యాడికీ పోను. ఈన్నే ఉండా" అంది ఆమె.

పూజ మళ్లీ వచ్చింది. "అన్నా, తలుపులు మూస్తాండారు. ఏం చెప్పమంటావు?"

ఈశ్వరమ్మ అద్దంలోంచి బయటున్న విమానాన్ని చూసింది. తర్వాత తన మణికట్టు చూసుకుంది.

"పోనీలే పాపా. ఈ చెయ్యి ఎట్ల ఇడిపించుకునేది?"

"ఇద్దరి సామాన్లూ దింపించు" అన్నాడు ప్రవీణ్. "ఆమె సంచి మొదట పట్టుకరా."

పూజ పరుగెత్తింది. సంచి వచ్చేలోపే శేషయ్య పెదాలు నీలమయ్యాయి. ప్రవీణ్ అరచేతిలో మాత్ర చెమటకు తడిసిపోయింది.

"ఏం చేయమంటావు పెద్దమ్మా? ఇయ్యాల్నా, వద్దా?"

"నేనెట్ల చెప్పేది నాయనా" అంటూ ఆమె ఏడ్చింది. "సదువుకున్నోనివి, నువ్వే చూడు."

ప్రవీణ్ కళ్లు మూసుకుని మాత్ర ఆయన నోట్లో పెట్టాడు. రెండు నిమిషాలకు నాడి అందలేదు. తల నేల మీద ఆనించి, ఛాతీ మీద రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాడు. యంత్రంతో షాక్ కూడా ఇచ్చాడు. భుజాలు పడిపోతున్నా ఆపలేదు. అంబులెన్స్ మోత వినిపించింది, అందులో వచ్చిన డాక్టరు వంగి చూశాడు, చాలన్నట్టు ప్రవీణ్ భుజం మీద చెయ్యి వేశాడు.

మాత్ర చంపిందో, ఆలస్యం చంపిందో ప్రవీణ్‌కు ఎప్పటికీ తెలియదు. విమానం అప్పటికే ఎగిరిపోయింది. ఇప్పుడు ఈమెకు చెప్పాలి. నేర్చుకున్న చదువులో ఇది ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పోయినాడు పెద్దమ్మా. నా చేతనైంది చేసినా."

ఈశ్వరమ్మ శేషయ్య కళ్లు మూసింది. పైకి లేచిపోయిన పంచెను మోకాళ్ల కిందికి సర్దింది. కొంగుతో ఆయన ముఖం మీది చెమట తుడిచి, అదే కొంగుతో తన కళ్లు తుడుచుకుంది. ఆమె గుండెలు బాదుకుంటుందేమోనని ప్రవీణ్ తల దించుకుని ఎదురుచూశాడు.

"ఈయనది యా ఊరు నాయనా?" అంది ఆమె.