కాస్త తేరుకున్నందుకు

“నొప్పి ఎటువైపు?” అని అడిగాడు కుర్చీలోని పెద్దమనిషి.

మంచం మీది మనిషి దుప్పటి గడ్డందాకా లాక్కుని, బాగా ఆలోచించి, ఎడమవైపు అన్నాడు.

“కుడివైపండీ,” అని అందించింది గుమ్మం దగ్గర నిలబడ్డ ఇల్లాలు. అని, నాలుక కరుచుకుంది.

పెద్దమనిషి పెన్నుకు మూత పెట్టి మళ్ళీ తీశాడు. ఆయన కోటు భుజాల మీంచి వదులుగా వేలాడుతోంది. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. నొప్పి ఎక్కడుందో రోగికే తెలియకపోతే కంపెనీ ఎవరిని నమ్మాలని విసుక్కున్నాడు. పైగా ఆ బుగ్గలు చూస్తే మంచాన పడ్డ మనిషి కాదు, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడనుకుంటారన్నాడు. మంచం మీది మనిషి నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

ఇల్లాలికి ఒళ్ళు మండింది. ఒకరికి విసుగు, ఒకరికి నవ్వు. మధ్యన నలిగేది తను.

ఇక వైద్యంతో లాభం లేదని, ఉంటే ఆరు నెలలని ఇద్దరు డాక్టర్లు రాసిచ్చాక ఆ ఇంటికి, చివరి రోజులు నొప్పి లేకుండా గడిచేలా చూసే హాస్పిస్ సేవ మొదలైంది. ఖర్చు బీమా కంపెనీది. వారానికి రెండుసార్లు వచ్చే నర్సు, తలవైపు పైకి లేచే ఆ మంచం, అన్నిటికన్నా ముఖ్యంగా నొప్పి తెలియనివ్వని మందు. ఆరు నెలలు దాటిపోయాయి. దాటితే కంపెనీ మనిషి వచ్చి చూడాలి. రోగి క్షీణిస్తుంటే డబ్బు సాగుతుంది, తేరుకున్నట్టు కనిపిస్తే ఆగిపోతుంది. తర్వాత మళ్ళీ పడకేస్తే మళ్ళీ మొదటినుంచీ ఆఫీసుల చుట్టూ తిరగాలి. తిరిగొచ్చేదాకా నొప్పి ఆగుతుందా? మందు రాకముందు ఆ గదిలోంచి వినబడ్డ మూలుగు ఆవిడ చెవుల్లో ఇంకా ఉంది.

“మీరు చెప్పండమ్మా. మీ ఆయన లేచి తిరుగుతున్నారా?”

“దేవుడి దయవల్ల ఈ నెల కాస్త...”

“కాస్త?”

“నిన్న పెరట్లోకెళ్ళి మొక్కలకు నీళ్ళు పోశారండి.”

ఆయన నుదురు కొట్టుకున్నాడు. దేవుడి దయ అన్న మాట చెవిన పడగానే కంపెనీ తన దయ మానుకుంటుందని, అసలు మొక్కల సంగతి ఎవరడిగారని కసిరాడు. తనకు అబద్ధం నోట రాదని ఆవిడ తలవంచుకునే చెప్పింది.

“జబ్బు పోయిందా?”

“లేదండి.”

“మరి నీళ్ళు పోసింది జబ్బు కాదు కదమ్మా, మనిషి. నేనడిగేది జబ్బు గురించి.”

ఆవిడ రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని, ఆయనకు ఒక్క మంచి రోజు ఇవ్వమని వేడుకునేది. దేవుడు ఏకంగా నెల ఇచ్చాడు. ఇప్పుడా నెలను దొంగసొత్తులా దాచుకోవాలి. నయమైతే జరిమానా వేసే ఈ పద్ధతి ఏ పుణ్యాత్ముడు కనిపెట్టాడో! అన్నీ తెలిసే పైవాడు ఇచ్చాడా, లేక కంపెనీ రూల్సు ఆయనక్కూడా అర్థం కావా? ఇలా అనుకున్నందుకు మనసులోనే లెంపలు వేసుకుంది. కానీ ప్రశ్న మాత్రం పోలేదు.

“చివరిగా ఒక్కటి,” పెద్దమనిషి గొంతు తగ్గింది. “మీ ఆయన బాగవుతారా?”

ఆవిడ మంచం వైపు చూడలేదు. కుర్చీలోని మనిషి కళ్ళలోకే చూసింది.

“లేదు. ఆయన నాకు దక్కరు.”

మంచం మీది నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకున్నాడు. కోటు విప్పి, కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు.

“లేవరా తమ్ముడూ, ఆఫీసరొచ్చేలోగా నా మంచం నాకివ్వు.”